హోటలు పాయింట్లు - ఇల్లాలి లెక్కలు

ఈమధ్య గుంటూరులో బట్టల షాపుకి వెళ్ళినా, ఒంగోలులో సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా గుమ్మం దగ్గర టై కట్టుకున్న కుర్రాడు ఒకడు తప్పనిసరిగా ఎదురొస్తున్నాడు. "మేడమ్, క్రెడిట్ కార్డు తీసుకోండి. మీరు ఎట్లాగూ కొనే సామానుకే పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో స్టార్ హోటల్లో గది ఫ్రీ" అంటాడు. చేతిలో పిల్లల బట్టల సంచీ, ఇంకో చేతిలో పర్సు, వెనకాల శ్రీవారి తొందర. ఆ హడావిడిలో సంతకం పెట్టేవాళ్ళు కొందరు, "మాకొద్దు బాబూ" అని పరుగెత్తేవాళ్ళు కొందరు. రెండూ సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. కందిపప్పు కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని పురుగుందా లేదా అని చూస్తాం గదా! ఈ పాయింట్లని కూడా అట్లాగే చేతిలోకి తీసుకుని చూద్దాం.

నేను ఇంటర్ దాకా చదివిన మామూలు ఇల్లాలిని. మాది మిర్చి, పత్తి పండించే కుటుంబం. బ్యాంకు ఉద్యోగిని కాను. అయినా ఇందులో ఉన్న లెక్క కూడికలు, తీసివేతలు, భాగహారం అంతే. చీటీ పాటలో కసరు లెక్క వేసుకోగలిగిన ఆడవాళ్ళకి ఇది ఒక లెక్కా చెప్పండి?

ఈ పాయింట్లు ఎక్కడివి?

క్రెడిట్ కార్డు మనకి మరీ కొత్త సంగతేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ముందుగా తెచ్చిన బ్యాంకుల్లో మన తెలుగువాళ్ళ బ్యాంకు ఒకటన్న మాట. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అది వేరే సంగతి.

అదే 1981లో అమెరికాలో ఒక విమాన కంపెనీ, అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఎక్కువ ప్రయాణాలు చేసేవాళ్ళకి మైళ్ళ లెక్కన బహుమతులివ్వడం మొదలుపెట్టింది. ఆ పద్ధతి చూసి 1983లో హాలిడే ఇన్, మారియట్ అనే హోటలు కంపెనీలు కూడా పాయింట్లు ఇవ్వసాగాయి. మాటిమాటికీ మా హోటల్లోనే దిగండి, పక్కవాడి దగ్గరికి పోకండి అని దాని అర్థం. వెచ్చాలన్నీ ఒకే కొట్లో తీసుకుంటే కొట్టు శెట్టిగారు పండక్కి బెల్లపు అచ్చు ఊరికే ఇచ్చేవారు చూడండి, అట్లాంటిదే ఇదీ.

తర్వాత బ్యాంకులూ, హోటళ్ళూ కలిశాయి. కార్డు గీకినప్పుడు కొట్టువాడు బ్యాంకుకి వందకి రూపాయిన్నరో, రెండో ఇచ్చుకుంటాడు. అందులోంచి కొంత పాయింట్ల రూపంలో మనకి వస్తుంది. బిల్లు సకాలంలో కట్టనివాళ్ళ దగ్గర గుంజే వడ్డీ కూడా ఆ బ్యాంకు ఆదాయమే. అంటే సకాలంలో కట్టేవాళ్ళు తినే ఉచిత టిఫినుకి కట్టలేనివాళ్ళూ డబ్బులిస్తున్నారు. మనం ఏ పక్కన ఉంటామో ముందే తేల్చుకోవాలి.

పాయింటు ఖరీదు కట్టడం ఎట్లా?

"మీకు పదివేల పాయింట్లు వచ్చాయి" అనగానే పదివేల రూపాయలు వచ్చినంత సంబరం వేస్తుంది. కానీ పాయింటు అంటే రూపాయి కాదు. కొన్ని కార్డుల్లో పాయింటు పావలా చేస్తుంది, కొన్నింట్లో అర్ధరూపాయి, ఎక్కడో ఒకచోట రూపాయి. ఒకే కార్డులో కూడా దేనికి మార్చుకున్నామన్న దాన్నిబట్టి ఖరీదు మారిపోతుంది.

ఖరీదు కట్టే పద్ధతి చాలా సులువు. ఆ వస్తువుని డబ్బిచ్చి కొంటే ఎంతవుతుందో చూడండి. దాన్ని అడిగిన పాయింట్లతో భాగించండి. అంతే.

ఉదాహరణకి మీ దగ్గర 10,000 పాయింట్లు ఉన్నాయనుకుందాం. బ్యాంకువాళ్ళ పట్టికలో ఆ పాయింట్లకి ఒక మిక్సీ ఉంది. దాని మీద 4,000 అని అచ్చేసి ఉంటుంది. కానీ అదే మిక్సీ బజార్లో 2,500కి దొరుకుతోంది. అప్పుడు మీ పాయింటు పావలా చేసినట్టు. అచ్చేసిన ధర చూసి మోసపోకండి, బజారు ధరతోనే లెక్క కట్టండి.

అవే 10,000 పాయింట్లకి ఒక హోటల్లో గది వస్తుందనుకోండి. ఆ రోజు ఆ గది అద్దె 4,000, పన్ను 5 శాతం. మొత్తం 4,200. అంటే పాయింటు 42 పైసలు. అదే గది సంక్రాంతి సెలవుల్లో 7,000 అద్దె, పన్నుతో 7,350 ఉంటే, అప్పుడూ 10,000 పాయింట్లే అడిగితే, పాయింటు 73 పైసలు చేసింది. గది అద్దె చవగ్గా ఉన్నరోజు డబ్బిచ్చేయండి, ఖరీదుగా ఉన్నరోజు పాయింట్లు ఇవ్వండి. అసలు కిటుకంతా ఇదే.

పన్ను సంగతి కూడా తెలుసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 5 శాతం అయింది. అంతకు ముందు 12 ఉండేది. ఆ పైన గదులకి 18 శాతం. 7,400 గదికీ 7,600 గదికీ అద్దెలో తేడా రెండొందలే అయినా, పన్నుతో కలిపితే 7,770 ఒకటి, 8,968 ఇంకొకటి. పెళ్ళివారికి నాలుగు గదులు తీసుకునేటప్పుడు ఈ తేడా చిన్నదేం కాదు.

ఒక కార్డుని విప్పి చూద్దాం

మన దేశంలో హోటలు పేరు మీద వచ్చిన కార్డుల్లో బాగా పేరుపడింది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, మారియట్ వాళ్ళు కలిసి 2023 ఆగస్టులో తెచ్చిన మారియట్ బాన్‌వాయ్ కార్డు. మొదలుపెట్టినప్పుడు దాని షరతులు ఇట్లా ఉన్నాయి. ఏడాదికి రుసుము 3,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,540 రూపాయలు. మారియట్ హోటళ్ళలో ఖర్చుపెడితే ప్రతి 150 రూపాయలకి 8 పాయింట్లు. ప్రయాణాలకీ, బయటి భోజనాలకీ, వినోదానికీ 4. మిగతా మామూలు ఖర్చులకి 2. రుసుము కట్టినందుకు, 15,000 పాయింట్ల దాకా ఖరీదు చేసే ఒక రాత్రి బస ఉచితం.

ఇప్పుడు మన వంటింటి లెక్క వేద్దాం. పచారీ సామానూ, బట్టలూ, మందులూ కొనుక్కుంటూ 150కి 2 పాయింట్ల చొప్పున 15,000 పాయింట్లు పోగేయాలంటే ఎంత ఖర్చుపెట్టాలి? 11 లక్షల 25 వేల రూపాయలు! నెలకి 15,000 కార్డు మీద ఖర్చుపెట్టే ఇంటికి ఆరేళ్ళకి పైగా పడుతుంది. అందుకని "సామాను కొంటుంటే గది ఫ్రీ" అన్న మాట నిజమే గానీ, ఏ ఏటికి ఆ గది దొరుకుతుందో ఆ కుర్రాడు చెప్పడు.

మరి ఆ కార్డు పనికిరాదా అంటే అదీ కాదు. రుసుము కట్టినందుకు ఇచ్చే ఒక రాత్రి బస ఉంది చూశారూ, దాని లాభమంతా అందులోనే ఉంది. ఆ బసని ఎనిమిది వేలు చేసే గదిలో వాడుకుంటే 3,540 పెట్టి ఎనిమిది వేల గది తీసుకున్నట్టు. నాలుగున్నర వేలు మిగులు. మూడున్నర వేల గదిలో వాడుకుంటే మిగిలింది గుండుసున్న. గడువు లోపల అసలు వాడుకోకపోతే 3,540 నీళ్ళపాలు. అంచేత ఈ సంవత్సరం ఎక్కడికి వెళతాం, ఎప్పుడు వెళతాం అని ముందే తెలిసిన ఇంటికే ఈ కార్డు. షరతులు బ్యాంకువాళ్ళు ఎప్పుడైనా మార్చవచ్చు గనుక మీరు తీసుకునే రోజున ఏమున్నాయో కాగితం మీద చూసుకోండి.

టాటావాళ్ళ పద్ధతి ఇంకొక రకం. 2022లో వచ్చిన టాటా న్యూ కార్డుల్లో ఇచ్చే న్యూకాయిన్ ఒకటి రూపాయితో సమానం. లెక్కకి తికమక లేదు. తాజ్ హోటల్లోనే కాదు, క్రోమాలో ఫ్రిజ్జుకీ, బిగ్‌బాస్కెట్‌లో సామానుకీ చెల్లుతుంది. హోటలుకి వెళ్ళని ఏడాది కూడా వాడుకోవచ్చు. సంవత్సరానికి ఒక్కసారి కూడా ఊరు దాటని ఇంటికి ఇట్లాంటి రూపాయికి రూపాయి పద్ధతే మేలు.

పాయింట్లు పచ్చడి జాడీలో పెట్టుకోవద్దు

ఆవకాయ పాతబడితే రుచి పెరుగుతుందేమో గానీ, పాయింట్లు పాతబడితే విలువ తగ్గుతుంది. 2023 సెప్టెంబరులో యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డులో ఇట్లాగే జరిగింది. అంతకుముందు 5 పాయింట్లకి 4 హోటలు పాయింట్లో, విమాన మైళ్ళో వచ్చేవి. ఆ నెల నుంచి 5కి 2 మాత్రమే అన్నారు. దాచుకున్నవాళ్ళ సొమ్ము రాత్రికి రాత్రి సగమైపోయినట్టే గదా! మారియట్ వాళ్ళు కూడా 2022లో ఏ హోటలుకి ఎన్ని పాయింట్లు అని ఉండే పట్టికని తీసేసి, రోజుని బట్టి, గిరాకీని బట్టి పాయింట్లు అడుగుతున్నారు. మిర్చి యార్డులో ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉన్నట్టే. కల్లంలో కాయ దాచినవాడికి ధర పెరుగుతుందేమోనన్న ఆశైనా ఉంటుంది. పాయింట్లకి ఆ ఆశ కూడా తక్కువే. అక్కరకి తగినన్ని పోగవగానే వాడేయండి. అదీగాక మారియట్ పాయింట్లు రెండేళ్ళపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పోతాయి.

మన ఊళ్ళ వాళ్ళకి ఎక్కడ పనికొస్తాయి?

మనవైపు హోటలు అంటే ఇడ్లీ, పెసరట్టు. రాత్రి బస చేసేది లాడ్జి. అద్దంకిలోనో, చిలకలూరిపేటలోనో, మార్కాపురంలోనో ఈ పాయింట్ల హోటళ్ళు లేవు. గుంటూరులో 2022 జనవరి 12న ఐటీసీ వాళ్ళ వెల్‌కమ్‌హోటల్ తెరిచారు. గుంటూరుకి అదే మొదటి ఐదు నక్షత్రాల హోటలు. ఒకప్పుడు పొగాకు కొనడానికీ, తర్వాత మిర్చి కొనడానికీ మన జిల్లాకి వచ్చిన కంపెనీ చివరికి మన ఊళ్ళో గదులు కూడా అద్దెకిస్తోంది! కానీ సొంత ఊళ్ళో మనకి గదితో పనేముంది? అమెరికా నుంచి వచ్చే పెళ్ళి చుట్టాలకి తప్ప.

మనకి గది కావలసింది విశాఖపట్నంలో, హైదరాబాదులో, బెంగుళూరులో, తిరుపతిలో. విశాఖలో మారియట్ వాళ్ళవి ఫెయిర్‌ఫీల్డ్, ఫోర్ పాయింట్స్ ఉన్నాయి. సముద్రం ఒడ్డున నోవోటెల్ ఉంది గానీ అది అకార్ కంపెనీది, మారియట్ పాయింట్లు అక్కడ చెల్లవు. తిరుపతిలో తాజ్ ఉంది. కొండ మీద దేవస్థానం గదులకి ఏ పాయింట్లూ పనిచేయవు, అవసరమూ లేదు. అంచేత ముందు కార్డు తీసుకుని తర్వాత ఊరు వెతుక్కోవడం కాదు. గత మూడేళ్ళలో మీరు ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు గది తీసుకున్నారో ఒక కాగితం మీద రాయండి. అక్కడ ఏ కంపెనీ హోటలు ఉందో చూసి, ఆ కంపెనీ పాయింట్లే పోగేయండి.

బుక్ చేసే ముందు ఈ మూడూ తప్పకుండా అడగండి:

ఒకటి, గదిలో ఎంతమందిని ఉండనిస్తారు? మన కుటుంబం అంటే మనిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తగారు. లాడ్జిలో అయితే చాపేసుకుని సర్దుకుంటాం. ఈ హోటళ్ళలో అదనపు మంచానికి వేరే డబ్బు. రెండు గదులు తీసుకోమంటే పాయింట్లూ రెండింతలే.

రెండు, పొద్దున టిఫిను కలిసి ఉందా? పాయింట్లతో తీసుకున్న గదిలో చాలాసార్లు ఉండదు. ఐదుగురు అక్కడ టిఫిను చేస్తే మన ఊళ్ళో నెలకి సరిపడా పాల ఖర్చు అయినా ఆశ్చర్యం లేదు.

మూడు, ప్రయాణం మానుకుంటే పాయింట్లు వెనక్కి వస్తాయా? ఎన్నాళ్ళ ముందు చెప్పాలి?

ఇంకో మంచి సంగతి. మారియట్‌లో పాయింట్లతో వరసగా ఐదు రాత్రులు తీసుకుంటే నాలుగు రాత్రుల పాయింట్లే తీసుకుంటారు. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకునే మనిషికి తోడుండేవాళ్ళకీ, బెంగుళూరులో పిల్లని కాలేజీలో చేర్చి నాలుగు రోజులు కూడా ఉండి వచ్చేవాళ్ళకీ ఇది అక్కరకొస్తుంది. అట్లాగే ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాకి సంవత్సరానికి లక్ష పాయింట్ల దాకా పంపుకోవచ్చు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మీ అబ్బాయి ఉద్యోగం పని మీద హోటళ్ళలో దిగుతూ ఉంటే వాడి ఖాతాలో ఎన్ని ఉన్నాయో ఒకసారి అడగండి. చాలామంది పిల్లలకి అవి ఉన్నాయన్న ధ్యాసే ఉండదు. అమ్మానాన్నల కాశీ ప్రయాణానికో, విశాఖ ప్రయాణానికో ఆ పాయింట్లు వాడితే వాళ్ళకీ తృప్తి, మనకీ తృప్తి.

కార్డుకి ఎక్కువ అడిగితే?

కొన్ని నగల కొట్లలో, ఎలక్ట్రికల్ కొట్లలో "కార్డు అయితే రెండు శాతం ఎక్కువ అమ్మా" అంటారు. లక్ష రూపాయల గొలుసు కొన్నారనుకోండి. అదనంగా కట్టేది 2,000. 150కి 2 చొప్పున మీకొచ్చే పాయింట్లు 1,332. పాయింటు 65 పైసలనుకున్నా 866 రూపాయలు. అంటే గొలుసుతో పాటు 1,134 రూపాయల నష్టం కూడా మెళ్ళో వేసుకున్నట్టు! అట్లాంటి చోట కార్డు లోపల పెట్టి, బ్యాంకు ఖాతా నుంచి కట్టేయండి.

పెట్రోలుకీ, ఇంటద్దెకీ, వాలెట్లో డబ్బు వేసుకోవడానికీ చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని ఫోన్లో యూపీఐకి తగిలించుకుని కొట్లో బొమ్మని స్కాన్ చేసి కట్టే వీలొచ్చింది. అయితే వ్యాపార ఖాతా ఉన్న కొట్టుకే అది చెల్లుతుంది. కూరగాయల గంపావిడ సొంత ఖాతాకి చెల్లదు. ఆవిడకి చిల్లరే ఇవ్వండి, బేరం కూడా మరీ ఆడకండి.

మూడున్నర రూపాయల వడ్డీ

ఇప్పటిదాకా చెప్పింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మనవైపు వడ్డీని శాతాల్లో చెప్పరు. పావలా వడ్డీ, రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారు. ఊళ్ళో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అడిగితే "ఇదేం అన్యాయం" అని గుమ్మం దిగి వచ్చేస్తాం. క్రెడిట్ కార్డు బిల్లు గడువులో కట్టకపోతే చాలా బ్యాంకులు వేసే వడ్డీ నెలకి వందకి మూడున్నర, మూడూ ముప్పావలా. సంవత్సరానికి 42 నుంచి 45 శాతం. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ! 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది గానీ, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది.

ఉద్యోగస్తుల ఇంటికి ఒకటో తారీఖున జీతం వస్తుంది, కార్డు బిల్లు కూడా నెలనెలా వస్తుంది. రెంటికీ జత కుదురుతుంది. మనకి అట్లా కాదు. పత్తి తీతల డబ్బు ఒకసారి, మిర్చి డబ్బు ఒకసారి. మధ్యలో ఎరువులు, పురుగుమందులు, కూలీలు, కాలేజీ ఫీజులు. పంట డబ్బు ఏడాదికి ఒకసారి, బిల్లు నెలకి ఒకసారి. వ్యవసాయదారుల ఇంట్లో ఈ కార్డు చిక్కు పెట్టేది ఇక్కడే.

మా వీధిలో ఒకావిడ 2024 జులైలో పిల్లవాణ్ణి కాలేజీలో చేర్చేటప్పుడు ల్యాప్‌టాపూ, బట్టలూ, హాస్టలు సామానూ కలిపి కార్డు మీద 40,000 దాకా కొన్నది. మిర్చి అమ్మగానే కట్టేద్దామని ధైర్యం. బిల్లులో "కనీసం కట్టవలసింది 2,000" అని ఉంది. అది కడితే సరిపోతుందనుకుని నెలనెలా అందులో అడిగినంతా కడుతూ వచ్చింది. తీరా మిర్చి చేతికొచ్చేసరికి ధర పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రమే కలగజేసుకుని క్వింటాలుకి 11,781 రూపాయలు అని ధర ప్రకటించాల్సి వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది.

ఎనిమిది నెలల తర్వాత ఆవిడా, నేనూ కూర్చుని కాగితాలన్నీ ముందేసుకుని లెక్క చూశాం. కట్టింది సుమారు 15,400. ఇంకా ఉన్న బాకీ సుమారు 36,700! ఎందుకంటే మొదటి నెల 2,000 కడితే మిగిలిన 38,000 మీద వడ్డీ 1,330, దానిమీద జీఎస్టీ 239, కలిపి 1,569. అంటే అసలులో తగ్గింది 431 రూపాయలే. ఆ కొన్నదానికి వచ్చిన పాయింట్ల విలువ మహా అయితే మూడు నాలుగొందలు. ఆవిడ చివరికి రెండు గాజులు బ్యాంకులో పెట్టి, రూపాయి లోపు వడ్డీకి డబ్బు తెచ్చి కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేసింది. గాజులు పెట్టేటప్పుడు కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ, అదే తెలివైన పని. మూడున్నర రూపాయల అప్పుని ముప్పావలా అప్పుతో తీర్చడం లాభమే గదా.

బాకీ మిగిలి ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్న సామానుకి కూడా గడువు ఉండదు, కొన్నరోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డుతో డబ్బు తీస్తే తీసిన నిమిషం నుంచే వడ్డీ, పైన రుసుము. ఈ రెండూ గోడ మీద రాసిపెట్టుకోండి.

పంట ఖర్చుకి కార్డే కావాలంటే 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. దానికి పాయింట్లు లేవు, హోటలు లేదు, విమానాశ్రయంలో కాఫీ లేదు. కానీ 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, సకాలంలో కడితే 3 శాతం తగ్గి 4 శాతమే. ఎరువుల కొట్లో పాయింట్ల కార్డు గీకే ముందు నాలుగుకీ, నలభై రెండుకీ ఉన్న తేడా గుర్తు చేసుకోండి. ఇంకో సంగతి, కార్డు బిల్లు ఎగ్గొడితే సిబిల్ లెక్కలో 300 నుంచి 900 మధ్య ఇచ్చే మార్కులు తగ్గుతాయి. రేపు పిల్లల చదువు రుణానికి వెళ్ళినప్పుడు మేనేజరు గారు ముందు చూసేది ఆ మార్కులే.

మన పేరున ఒక కార్డు

"నాకు జీతం లేదు, నాకెవరిస్తారు కార్డు?" అనుకోకండి. శ్రీవారి కార్డు మీద అనుబంధ కార్డు తీసుకోవచ్చు. అప్పుడు ఇద్దరి ఖర్చు పాయింట్లూ ఒకే చోట చేరి త్వరగా పోగవుతాయి. కానీ బాకీ బాధ్యత అంతా ఆయనదే, మన పేరున మంచి చరిత్ర ఏర్పడదు. రెండో దారి, మన పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద కార్డు అడగడం. చాలా బ్యాంకులు ఇస్తాయి. డిపాజిట్‌కి వడ్డీ వస్తూనే ఉంటుంది, సకాలంలో కడుతుంటే మన సొంత పేరున సిబిల్ మార్కులు ఏర్పడతాయి. పాడి గేదెలకో, కుట్టుపని షాపుకో రుణం కావలసిన రోజున అదొక ఆస్తి. నన్నడిగితే పాయింట్లకంటే ఇదే గొప్ప బహుమతి.

రిజర్వు బ్యాంకు నిబంధనల్లో మనకి కొన్ని హక్కులు కూడా ఉన్నాయి. అడగకుండా కార్డు అంటగట్టకూడదు. బాకీ లేకుండా కార్డు మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు మనకి కట్టాలి. బిల్లు తేదీని మనకి వీలైన రోజుకి మార్చమని కనీసం ఒక్కసారైనా అడగవచ్చు. పాల డబ్బులు పదో తారీఖున వచ్చే ఇంట్లో గడువు పన్నెండో తారీఖు దాకా ఉండేట్టు మార్పించుకోండి.

"మీ పాయింట్లు ఈ రోజుతో ఆఖరు"

ఇట్లాంటి సందేశం మీ ఫోనుకి వచ్చిందంటే అది నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు దొంగ సందేశమే. బ్యాంకు గుర్తు ఉంటుంది, "9 వేల పైచిలుకు రూపాయల పాయింట్లు పోతాయి, కింద నొక్కండి" అని ఉంటుంది. నొక్కితే ఫోన్లోకి ఏదో ఒక యాప్ దిగి, మన ఓటీపీలన్నీ దొంగ చేతికి వెళ్ళిపోతాయి. పాయింట్లు చూసుకోవాలంటే బ్యాంకు సొంత యాప్‌లోకి మీరే వెళ్ళండి, లేదా కార్డు వెనక ఉన్న నంబరుకి మీరే ఫోను చేయండి. పొరపాటున డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేసి చెప్పండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో అత్తగారికీ, మామగారికీ కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

గుర్తుంచుకోండి

* బిల్లు మొత్తం గడువులోపు కట్టగలిగిన ఇంటికే పాయింట్ల కార్డు. కట్టలేని నెల ఏదైనా ఉందనిపిస్తే ఆ నెల కార్డు బీరువాలో పెట్టండి.
* బిల్లు వేసే తేదీ 5, కట్టే గడువు 25 అనుకుంటే, జనవరి 4న కొన్నదానికి 21 రోజులే గడువు. 6న కొంటే ఫిబ్రవరి 25 దాకా 50 రోజులు. పెద్ద వస్తువు బిల్లు తేదీ దాటాక కొనండి.
* రుసుము కంటే ఆ సంవత్సరం పొందిన లాభం ఎక్కువగా ఉందో లేదో ఏడాదికోసారి లెక్క చూడండి. తక్కువైతే రుసుము పడకముందే కార్డు మూసేయండి.
* పాయింట్ల కోసం అక్కర్లేని వస్తువు కొనకండి. 150 ఖర్చుపెట్టి రూపాయిన్నర వెనక్కి తెచ్చుకోవడం పొదుపు కాదు.
* ఇంట్లో ఒక నోటు పుస్తకంలో కార్డు పేరు, బిల్లు తేదీ, గడువు తేదీ, పాయింట్లు ఎన్ని, ఎప్పటిదాకా చెల్లుతాయి అని ఐదు గళ్ళు గీసి రాసుకోండి. పాలలెక్క రాసే పుస్తకం చివరి పేజీ అయినా చాలు. కార్డు రహస్య సంఖ్య మాత్రం ఎక్కడా రాయకండి.

ఏడాదంతా నారు, కలుపు, కోత, కల్లం అంటూ పరిగెత్తే మన ఆడవాళ్ళకి ఒక్క రాత్రి చల్లటి గదిలో, ఎవరో పరిచిన పక్క మీద పడుకుని, పొద్దున్నే పొయ్యి వెలిగించే పని లేకుండా నిద్రలేవడం తప్పేం కాదు. ఆ ఒక్క రాత్రి వెనక ఒక్క రూపాయి అప్పు కూడా లేకుండా చూసుకుంటే ఆ నిద్ర ఇంకా బాగా పడుతుంది.